మార్లవాయికి వచ్చిన తెల్లాయన, మన హాస్టల్‌కు వచ్చిన చెంచు పిల్లోడు

వార్షికోత్సవం దగ్గర పడిందంటే మన హాస్టల్ గోడలకు సున్నం పడుతుంది. గేటుకు మామిడాకులు కడతారు, బోరింగు దగ్గర బ్లీచింగ్ చల్లుతారు, స్టోరు రూము తలుపుకు కొత్త తాళం వస్తుంది. ఆ వెనకే చూసిపోవడానికి పెద్దలు వస్తారు. మేము ఇక్కడ ఉన్న రోజుల్లో వచ్చినవాళ్ళు అడిగే ప్రశ్నలు మూడే. భోజనం బాగుందా, బాగా చదువుతున్నారా, పెద్దయ్యాక ఏమవుతారు? మూడింటికీ జవాబులు ముందే మా నోట్లో ఉండేవి. "బాగుంది సార్, చదువుతాండాం సార్, కలెక్టర్ అయితాం సార్." ఫోటో తీసుకునేవాళ్ళు, జీపు నంద్యాల రోడ్డెక్కేది. ఒకసారి ఏదో సంస్థ తరఫున ఇద్దరు విదేశీయులు కూడా వచ్చారు. వాళ్ళు ఇంగ్లీషులో అడిగినవీ ఆ మూడే. మా ఊర్లో ఏం పండుతుంది, మా అమ్మ ఏ పనికి పోతుంది, ఇంట్లో ఏం కథలు చెప్పుకుంటాం అని ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు.

బయటినుంచి వచ్చినవాళ్ళు మనల్ని ఎట్లా చూడాలి అనే ప్రశ్న మాకు అప్పటినుంచీ ఉంది. దానికి జవాబు మాకు చాలా ఆలస్యంగా, అదీ గ్రూప్ టూ పరీక్షకు చదువుకుంటున్నప్పుడు దొరికింది. "గోండుల మీద పరిశోధన చేసిన విదేశీయుడు ఎవరు?" అనేది ఒక బిట్టు. జవాబు హైమన్‌డార్ఫ్. ఒక మార్కు. మనలో చాలామందికి ఆయన అంతవరకే తెలుసు. ఆ ఒక్క మార్కు వెనక ఉన్న మనిషి గురించి తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు కొంచెం చెప్పాలని, దాంతోపాటు మేము చేసిన ఒక తప్పు కూడా ఒప్పుకోవాలని ఈ వ్యాసం.

క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1909లో ఆస్ట్రియా దేశంలోని వియన్నా నగరంలో పుట్టాడు. మనుషుల ఆచార వ్యవహారాలను చదివే మానవశాస్త్రం ఆయన చదువు. 1936, 37లలో ఈశాన్య కొండల్లో నాగాల మధ్య ఉండి పోయాడు. 1939లో భార్య బెట్టీ ఎలిజబెత్‌తో మళ్ళీ మన దేశానికి వచ్చేసరికి రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. ఆస్ట్రియాను అంతకు ముందు ఏడాదే హిట్లర్ కలిపేసుకున్నాడు కాబట్టి ఈయన చేతిలో ఉన్నది జర్మనీ పాస్‌పోర్టు. అంటే బ్రిటిష్ వాళ్ళ లెక్కలో శత్రుదేశపు మనిషి. జైలుకు పోవలసినవాడు, తెలిసిన అధికారుల సాయం వల్ల నిజాం రాజ్యం ఎల్ల దాటకుండా ఉండేట్టు, అక్కడే తన పరిశోధన చేసుకునేట్టు ఒప్పందం కుదిరింది. యుద్ధమే లేకపోతే ఆయన ఆరు నెలలు ఉండి, ఫోటోలు తీసుకుని, మన హాస్టల్‌కు వచ్చిన ఆ ఇద్దరి మాదిరే వెళ్ళిపోయేవాడేమో. దారి మూసుకుపోయి ఇక్కడే ఉండిపోయాడు. ఉండిపోయినవాడు ఊరికే ఉండలేదు.

ఆయన మొదట పోయింది మన నల్లమలకే. కాకపోతే కృష్ణకు అవతలి వైపు, నిజాం రాజ్యంలోని అమ్రాబాదు పీఠభూమికి. 1940లో అక్కడి చెంచు పెంటల్లో తిరిగి, వాళ్ళతో ఉండి రాసిన పుస్తకం 1943లో లండన్‌లో అచ్చయింది. పేరు "ది చెంచూస్". నాగలి పట్టకుండా, రేపటికి దాచుకోకుండా, గడ్డలు తవ్వుకుని, తేనె తీసుకుని, వేటాడి బతికే మనుషులను ఆయన ఆ పుస్తకంలో చూపించాడు. గడ్డలు ఎవరు తవ్వుకున్నవి వాళ్ళ ఇంటికి. పెద్ద వేట పడితే మాత్రం అది అందరిదీ. పెళ్ళి విషయంలో ఆడపిల్ల మాటకు విలువ ఉంది. కాపురం పొసగకపోతే విడిపోవడానికి పెద్ద పంచాయితీ అక్కరలేదు. మన ఊర్లలో పెళ్ళి పేరుతో ఎంత రభస జరుగుతుందో తెలిసినవాళ్ళకు ఇది చిన్న విషయం కాదు.

చెంచుల గురించి మనకు అసలు ఏమీ తెలియదని కాదు. అళ్ళగడ్డ దాటి అహోబిలం పోతే నరసింహస్వామి చెంచులక్ష్మిని పెళ్ళాడిన కథ పూజారి నుంచి బొమ్మల కొట్టు ఆమె వరకు అందరూ చెబుతారు. సంక్రాంతి పండుగ అయ్యాక స్వామి పల్లకిలో పారువేటకు బయలుదేరి, దాదాపు నలభై రోజులు ఊరూరా తిరిగి తన పెళ్ళికి తానే పిలుపులు చేసుకుంటాడు. ఆ పల్లకి వచ్చిన రోజు మన ఊర్లలో కొత్త బట్టలు, చుట్టాలు, తిరునాళ్ళ సందడి. అంటే మన దేవుడు చెంచుల అల్లుడు. చుట్టరికం అంత దగ్గరిది. మరి ఆ చెంచుల ఇల్లు ఎట్లా ఉంటుందో చూసినవాళ్ళు మన ఊర్లో ఎంతమంది? బైర్లూటి, నాగలూటి, పెచ్చెరువు పేర్లు శ్రీశైలం నడిచిపోయే భక్తులకు మజిలీలుగానే తెలుసు. బ్రిటిష్ కాలంలో కృష్ణకు ఇవతలి వైపు, మన కర్నూలు జిల్లా చెంచుల మీద నేరస్థ జాతుల చట్టం పెట్టారు. పుట్టుకతోనే దొంగ అని ముద్ర. ఆ చట్టం దేశమంతటా రద్దయింది 1952లో. దేవుడికి పిల్లనిచ్చినవాళ్ళను పోలీసు పుస్తకంలోకి ఎక్కిస్తే, ఆ దేవుడి పల్లకి మోసిన మన ఊర్లు ఏమన్నాయో ఎక్కడా చదవలేదు.

ఇప్పుడు మా తప్పు.

మేము తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు, ఎస్టీ పిల్లలకు ఉన్న కొద్ది సీట్లలో ఒక చెంచు పిల్లోడు మా హాస్టల్‌లో చేరాడు. ఆరో తరగతి. వాళ్ళ అడవికి పోయి బడి మానిన పిల్లలను వెతికే ఒక సారు వెంటబెట్టుకుని వచ్చి దించిపోయాడు. అందరికీ ట్రంకు పెట్టెలుంటే వానికి ఒక ఎరువుల సంచి. అందులో రెండు జతల బట్టలు, ఒక సీసాలో తేనె. ఆ రాత్రి ఆ సీసా మూత తీసి, గదిలో ఉన్న పద్దెనిమిది మందికీ అరచేతుల్లో పోశాడు. పది నిమిషాల్లో సీసా ఖాళీ. మేము నాకి నాకి తిన్నాం. మరుసటి రోజు పొద్దున మేము మా పెట్టెలు తెరిచి, ఇంటినుంచి తెచ్చుకున్న ఊరిబిండి, కారాలు, మురుకులు తీసుకుని, తిని, మళ్ళీ తాళాలు వేసుకున్నాం. వాడు ఒక్కొక్క పెట్టె దగ్గరా నిలబడి చూశాడు. అడుక్కోలేదు. సాయంత్రం మాలో ఒకరిని అడిగాడు.

"అన్నా, పెట్టెలకు తాళాలు యాలన్నా?"

"దొంగలు పోతార్రా."

"యాడుండారన్నా దొంగలు? మనమే గదా ఉండేది."

మేము పడి పడి నవ్వాం. అది అమాయకత్వం అనుకున్నాం. ఆ మాట హాస్టల్ అంతా పాకి, వంట చేసే అన్న దాకా, కమాటి దాకా పోయింది. "ఏం రా, దొంగలు యాడుండారు?" అని వాణ్ణి అడగడం అందరికీ ఆట అయిపోయింది. తర్వాత ఎవరో అహోబిలం కథ గుర్తు చేశారు. అప్పటినుంచి వాని పేరు "సామి బామ్మర్ది". ప్రేమగా పిలుస్తున్నామనే అనుకున్నాం. వాడు మాట్లాడేది తెలుగే. చెంచులకు వేరే భాష లేదు, తెలుగే వాళ్ళ ఇంటి భాష. కానీ ఆ పలుకు యాస వేరు, కొన్ని మాటలు మేము వినని మాటలు. వాడు నోరు తెరిస్తే మేము ఆ మాట పట్టుకుని తిరిగి అనేవాళ్ళం. నెల తిరిగేసరికి వాడు నోరు తెరవడం తగ్గించాడు. రాత్రి గదిలో ఊపిరాడటం లేదని వరండాలో పడుకునేవాడు, వార్డెన్ సారు లోపలికి తోలేవాడు. దసరా సెలవులకు పోయినవాడు తిరిగి రాలేదు. హాజరు పట్టీలో కొన్నాళ్ళు వాని పేరు ముందు సున్నాలు పడ్డాయి, తర్వాత ఎర్ర సిరాతో గీత పడింది. మేము క్వార్టర్లీ మార్కుల గొడవలో ఉన్నాం.

చాలా ఏళ్ళ తర్వాత చెంచుల గురించి చదువుతున్నప్పుడు ఒక సంగతి తెలిసింది. కొండ చరియకు పట్టిన తేనె తీయాలంటే మనిషి తీగలతో పేనిన తాడు పట్టుకుని లోయలోకి దిగుతాడు. పైన ఆ తాడు పట్టుకునే పని భార్య తమ్మునికో అన్నకో ఇస్తారు. తోడబుట్టిన దాన్ని ముండమోయనియ్యడు కాబట్టి తాడు వదలడని నమ్మకం. వాళ్ళలో బామ్మర్ది అంటే ప్రాణం చేతిలో పెట్టదగిన మనిషి. మేము ఆ మాటను ఎగతాళికి వాడాం. ఆ పిల్లోడు మొదట్లో ఆ పేరుకు ఎందుకు కోపం తెచ్చుకోలేదో అప్పుడు అర్థమైంది.

హైమన్‌డార్ఫ్ సంగతికి వద్దాం. 1940లోనే ఆదిలాబాదు అడవుల్లో, జోడేఘాట్ దగ్గర, భూమి కోసం తిరగబడిన గోండు వీరుడు కుమ్రం భీమును నిజాం పోలీసులు కాల్చి చంపారు. ఆ తర్వాత, ఈ గోండులు ఎందుకు తిరగబడ్డారో చూసి చెప్పమని ఆయన్ను అక్కడికి పంపారు. ఆయనా, భార్యా మార్లవాయి అనే గోండు గూడెంలో కాపురం పెట్టారు. ఇప్పుడది కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూరు మండలంలో ఉంది. గోండీ నేర్చుకున్నారు. భూమి మీద ఎవరి పేరు ఉంది, అటవీశాఖ ఎవరిని వెళ్ళగొట్టింది, వడ్డీ ఎంత, ఏ అధికారి ఏం తీసుకున్నాడు అని అడిగి రాసుకున్నారు. పరిశోధకుడికి ఈ చివరి ప్రశ్నలతో పనేముంది? కథలు, డాన్సులు, పెళ్ళి పద్ధతులు రాసుకుంటే పుస్తకం అయిపోతుంది. ఆయన రెండూ రాశాడు. అందుకే గుస్సాడీ నెమలి ఈకల టోపీల గురించి ఆయన రాసిన దానితో పాటు, పట్టాల గురించి ఆయన సర్కారుకు పెట్టిన నివేదికలు కూడా నిలిచాయి. కేస్లాపూర్ నాగోబా జాతరలో గిరిజనుల ఫిర్యాదులు వినడానికి దర్బారు పెట్టించింది కూడా ఆ కాలంలోనే, ఆయన పూనికతోనే.

మాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపించింది బడి సంగతి. 1943లో మార్లవాయిలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం మొదలైంది. అప్పటికి గోండుల్లో చదువు వచ్చినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేటంత. పట్నం నుంచి మాస్టర్లను దింపడం సులువు. కానీ ఆ మాస్టరు వారానికి ఒకరోజు వస్తాడని, వచ్చినా పిల్లల మాట ఆయనకు, ఆయన మాట పిల్లలకు అర్థం కాదని మనకు తెలిసిందే. కాబట్టి కాస్త అక్షరం ముక్క వచ్చిన గోండు కుర్రవాళ్ళను వెతికి, వాళ్ళకే శిక్షణ ఇచ్చి, వాళ్ళ గూడేలకే పంపారు. వాచకాలు గోండీలో, దేవనాగరి లిపిలో తయారయ్యాయి. అందులో గోండుల సొంత కథలు. బడిలో చేరిన పిల్లవాడికి మొదటి రోజు కనబడింది తన అమ్మ మాటే. రాజ్యం నడిచేది ఉర్దూలో, అంగడి నడిచేది తెలుగులో, మరాఠీలో. ఆ భాషలు తర్వాత నేర్చుకుంటారు, ముందు బడి తమదని అనిపించాలి అని ఆ ఏర్పాటు. శిక్షణ పొందిన వాళ్ళలో కొందరు తర్వాత చిన్న సర్కారు ఉద్యోగాల్లో చేరారు. ఆయన 1945 నుంచి నిజాం ప్రభుత్వానికి గిరిజన సలహాదారుగా ఉంటూ ఉస్మానియాలో ఆచార్యుడిగా కూడా పనిచేశాడు, తర్వాత లండన్ వెళ్ళిపోయాడు.

ఇది చదివినప్పుడు మాకు మా చెంచు పిల్లోడు గుర్తుకొచ్చాడు. వియన్నా మనిషి గోండీ నేర్చుకున్నాడు. గంట ప్రయాణం దూరంలో పుట్టి, తెలుగే మాట్లాడే పిల్లోని మాట మేము నాలుగు నెలల్లో మూయించాం. మేమూ ఊరి చివర ఇళ్ళనుంచి వచ్చినవాళ్ళమే. హోటల్లో వేరే గ్లాసు సంగతి మా నాయనలకు తెలుసు. మా యాసను చూసి బళ్ళో నవ్వినప్పుడు ముఖం ఎంత చిన్నబోతుందో మాకు తెలుసు. తెలిసి కూడా చేశాం. నవ్వించుకున్నవాడు ఇంకొకడు దొరకగానే నవ్వేవాళ్ళ వరసలో చేరిపోయాం.

హైమన్‌డార్ఫ్‌ను దేవుణ్ణి చేయడం మా ఉద్దేశం కాదు. ఆయన్ను పంపింది నిజాం సర్కారు, గోండులు మళ్ళీ తిరగబడకూడదనేది ఆ సర్కారు అవసరం. కుమ్రం భీము చావకపోతే ఆ పట్టాలు, ఆ బళ్ళు వచ్చేవా అన్నది అడగవలసిన ప్రశ్నే. ఇంకొకటి, చెంచులను ఆయన మానవజాతి పాత దశకు మిగిలిపోయిన గుర్తులుగా చూశాడు. ఆ కాలపు చదువు అట్లాంటిది. మాతో నాలుగు నెలలున్న పిల్లోడు ఏ పాత దశకూ గుర్తు కాదు. వాడికి క్రికెట్ పిచ్చి, బాలు ఎంత దూరం పోయినా వాడే ఉరికి తెచ్చేవాడు. నంద్యాల స్టేషన్‌లో రైలు చూపించమని మమ్మల్ని బతిమాలేవాడు. చూపించలేదు. పుస్తకంలో చెంచులను చూసినవాళ్ళకు ఈ రైలు సంగతి తెలియదు. అది మాకు తెలుసు, మేము రాయలేదు. విదేశీయుల మీద మా ఫిర్యాదు ఎంత ఉందో, మా మీద మాకు అంతే ఉంది.

అయినా ఆ మనిషిలో మేము గౌరవించేది, తిరిగి రావడం. 1976 తర్వాత, ముసలితనం దగ్గరపడుతుండగా, ఆయనా బెట్టీ మళ్ళీ ఆదిలాబాదు గూడేలకు వచ్చారు. తాము ఇప్పించిన భూములు ఎన్నో చోట్ల గిరిజనేతరుల చేతుల్లోకి పోయి ఉన్నాయి. "నేను పోయేటప్పుడు బాగుండె" అని రాసుకుని ఊరుకోలేదు. చూసింది చూసినట్టు 1982లో "ట్రైబ్స్ ఆఫ్ ఇండియా" అనే పుస్తకంలో పెట్టాడు. 1987 జనవరిలో బెట్టీ హైదరాబాదులో చనిపోతే మార్లవాయికి తెచ్చి పూడ్చారు. ఆయన 1995లో లండన్‌లో పోయాడు. 2012లో ఆయన అస్థికలను తెచ్చి ఆమె పక్కనే పెట్టారు. ఏటా జనవరిలో గోండులు అక్కడ చేరి వాళ్ళ పద్ధతిలో తలచుకుంటారు. అదే మార్లవాయి నుంచి వచ్చిన గుస్సాడీ కనకరాజుకు 2021లో పద్మశ్రీ ఇచ్చారు, 2024లో ఆయన కన్నుమూశాడు. ఇది కూడా బిట్టుగా రావచ్చు, గుర్తుపెట్టుకోండి.

బయటివాళ్ళంటే తెల్లవాళ్ళే కానక్కరలేదు. ఈ రాష్ట్రంలో సాంఘిక సంక్షేమ గురుకులాలకు పునాది వేసినవాళ్ళలో ముందు చెప్పుకునే ఎస్.ఆర్. శంకరన్ గారు తమిళుడు. హాస్టల్ పిల్లలు ఏం తింటున్నారో, ఎక్కడ పడుకుంటున్నారో దగ్గరికి పోయి చూసిన అధికారి. 2010లో పోయారు. ఆయన పేరు తెలియని పిల్లవాడు మన హాస్టల్‌లో ఉండకూడదు, ఈ సంచికలో వేరే వ్యాసం ఉండవలసింది.

మేము అడిగేది ఇంతే. జూన్‌లో కొత్త పిల్లలు వస్తారు. సుగాలి తండా నుంచి వస్తారు, నల్లమల అంచు నుంచి వస్తారు, బెంగుళూరుకు వలసపోయి వచ్చిన ఇళ్ళనుంచి సగం కన్నడంతో వస్తారు. వాళ్ళ మాటను తిరిగి అని నవ్వే ఆట మొదటి రోజే ఆపాలి, ఆపవలసింది పదో తరగతి వాళ్ళు. వార్డెన్ సారుకు చెప్పి బెదిరించే పని కాదు ఇది. కొత్తవాడు ఒక మాట అంటే, "అంటే ఏంద్రా?" అని అడగాలి, అంతే. మాటలు రాసుకోవడానికి ఒక లాంగ్ నోట్‌బుక్ చదువుల గదిలో పెడితే ఇంకా మంచిది. ఏ గడ్డను ఏమంటారు, ఏ చేపను ఏమంటారు, జొన్న చేలో పిట్టలు తోలేటప్పుడు ఏమని అరుస్తారు, తండాలో పెళ్ళికి ఏం పాడతారు. కుందూ ఒడ్డు పిల్లలకు, ఎర్రమల కింద నాపరాయి గనుల్లో పనిచేసే వాళ్ళ పిల్లలకు, అడవి పిల్లలకు ఒకే వస్తువుకు మూడు పేర్లుంటాయి. అవి మన తెలుగు వాచకంలో లేవు.

వచ్చే ఏడాది సంచికలో సగం పేజీలు ఇప్పుడు హాస్టల్‌లో ఉన్న పిల్లలకే వదలాలని పూర్వ విద్యార్థుల తరఫున మేము అనుకున్నాం. కవితలు, మహానుభావుల జీవిత చరిత్రలు ఎట్లాగూ వస్తాయి. ఈసారి మీ ఊరి గురించి, మీ ఇంటి గురించి, మీకు ఈ హాస్టల్‌లో వింతగా అనిపించిన దాని గురించి రాయండి. మా గురించి మీకు తప్పనిపించిందీ రాయవచ్చు. మీ ఇంటి మాటలోనే రాయండి, తప్పులు దిద్దం. పేరు వేసుకోవడం ఇష్టం లేకపోతే వేయం. సంక్రాంతి సెలవులకు ఊరికి పోయేలోపు కాగితాలు పదో తరగతి అన్నల దగ్గర ఇవ్వండి, అచ్చు ఖర్చు మేము చూసుకుంటాం.